తవిటిరాజు ఎందుకు కరిచాడు

ఒక పెద్ద అడవిలో, అడవి అంత పెద్దదైనప్పుడు చిన్నదో చితకదో బడి కూడా ఉండాలి కాబట్టి, వాగు ఒడ్డున ఒక బడి ఉండేది. నాలుగు మద్ది చెట్ల మధ్య వెదురు దడి కట్టి, పైన టేకాకులు కప్పారు. వానొస్తే కారేది, ఎండొస్తే కాగేది. అయినా పిల్లలు వచ్చేవారు, ఎందుకంటే మధ్యాహ్నం పండ్లు పెట్టేవారు.

పూర్వం ఆ బళ్ళో ఎవరి భాషలో వాళ్ళు చదువుకునేవారు. ఉడుత పిల్లలు కిచకిచమనేవి, పంది పిల్లలు గుర్రుమనేవి, టీచర్లు అన్నిటికీ ఎలాగోలా జవాబు చెప్పుకునేవారు. బడి అంటే సంతలా ఉండేదని అప్పటి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు, కాస్త బెంగగానే.

రెండేళ్ళ కిందట తల్లిదండ్రులందరూ కలిసి ఒక మాట మీదకొచ్చారు. సింహం భాష రాకపోతే అడవిలో బతుకు లేదని తేల్చారు. మర్నాడే దడికి కొత్త బోర్డు కట్టారు: "సింహం మీడియం". ఆ రోజు నుంచి హాజరు కూడా గర్జనలోనే. కుందేలు పిల్ల గర్జిస్తే ఎక్కిళ్ళు వచ్చినట్టుండేది. ఉడుత పిల్ల గర్జిస్తే అసలు వినబడేదే కాదు, గైర్హాజరు పడేది.

అన్నట్టు, ఆ బళ్ళో సింహం పిల్ల ఒక్కటీ లేదు. సింహాలు తమ పిల్లల్ని కొండ అవతల ఎక్కడో చదివించుకునేవి. అక్కడ ఏ మీడియమో అడిగే ధైర్యం మనవాళ్ళకు లేకపోయింది.

దడి లోపల సొంత భాష మాట్లాడితే పిల్లల మెడలో తాటాకు పలక కట్టి నిలబెట్టేవారు. టీచర్లు మాట్లాడితే ముళ్ళకంప బడికి బదిలీ. అక్కడ పిల్లలుండరు, నీళ్ళుండవు, ముళ్ళు మాత్రం ఉంటాయి. ఎవరు ఏ భాష మాట్లాడుతున్నారో కనిపెట్టడానికి కిటికీ కొమ్మ మీద ఒక చిలకమ్మను కూర్చోబెట్టారు. చిలకమ్మకు సింహం భాష రాదు. ఏది సింహం భాష కాదో మాత్రం బాగా తెలుసు.

బడికి హెడ్మాస్టరు తాబేలు కూర్మారావు గారు. మంచివాడే. కాకపోతే గొడవ గుమ్మంలో కనబడగానే ఆయన తల డిప్పలోకి వెళ్ళిపోయేది. గొడవ దాటిపోయాక బయటికొచ్చేది. ఈ పద్ధతిలో ముప్పై ఏళ్ళు మచ్చ లేకుండా ఉద్యోగం చేశాడు.

ఈ బడిలోకి ఒక ఉదయం ముంగిస పైడమ్మ తన కొడుకు తవిటిరాజును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వాడికి ఐదేళ్ళు. ముఖం గుండ్రంగా, కళ్ళు మిరియాల్లా, తోక ఒంటితో సమానంగా ఉంటుంది. పైడమ్మ చేతులు కట్టుకుని నిలబడి చెప్పింది.

"బాబూ, ఈడి అయ్య బోర్డు పక్కన ఉచ్చులో పడిపోనాడు. ఆ బోర్డు మీద ఏటి రాసుందో సదివి సెప్పినోడు మా కులంలో ఒక్కడూ నేడు. ఈ గుంటడికి నాలుగచ్చరాలు సెప్పండి సాలు. ఇంకేటీ అడగను."

ఆమె మాట్లాడింది ముంగిస భాష కాబట్టి చిలకమ్మ కొమ్మ మీద నుంచి గొంతు సవరించింది. కూర్మారావు గారి తల సగం లోపలికి వెళ్ళింది. అయినా మిగిలిన సగంతో ఆయన పిల్లాణ్ణి ఒకటో తరగతిలో చేర్చుకున్నాడు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

ఒకటో తరగతి టీచరు దుప్పి పంకజం. కొత్తగా చేరింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పిల్లల్ని కొలతలు చూసి వరసల్లో కూర్చోబెట్టమని బడి రూలు. ఆ రూలు ప్రకారం తవిటిరాజు రెండో వరసలో కూర్చున్నాడు. వాడి వెనకే పంది పిల్ల లచ్చుబాబు. బొద్దుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్లాడు. ఎక్కాలు గర్జించేటప్పుడు ముందుకీ వెనక్కీ ఊగడం వాడికి అలవాటు.

మూడో రోజు రెండో ఎక్కం మధ్యలో తవిటిరాజు గిర్రున తిరిగి లచ్చుబాబు కాలు కరిచాడు.

క్లాసంతా గగ్గోలైపోయింది. లచ్చుబాబు ఏడుపు వాగు అవతలికి వినబడింది. పంకజం టీచరు ఇద్దర్నీ విడదీసి, పసరు పిండి, కట్టు కట్టి, రూలు ప్రకారం ఫారం నింపింది. కరిచినది ఎవరు, కరవబడినది ఎవరు, ఏ రోజు, ఏ పూట, పళ్ళు ఎన్ని దిగాయి, తల్లిదండ్రుల వేలిముద్ర. మొత్తం పదకొండు గడులు. ఎందుకు అన్న గడి మాత్రం లేదు. ఫారం తయారుచేసిన వాళ్ళకు ఆకులో చోటు చాలలేదట.

శిక్షగా తవిటిరాజు చేత "ఇక కరవను" అని సింహం భాషలో వందసార్లు గర్జింపజేశారు. వాడు హుషారుగా గర్జించాడు. దాని అర్థం వాడికి తెలియదు. బళ్ళో నేర్పిన మొదటి పాట అనుకుని ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మకు కూడా వినిపించాడు. పైడమ్మ మురిసిపోయి ఇరుగుపొరుగును పిలిచి మళ్ళీ పాడించింది.

ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు కరిచాడు. మూడుసార్లూ లచ్చుబాబునే, మూడుసార్లూ ఆ కాలినే. ఈ సంగతి ఎవరూ గమనించలేదు, ఏ ఫారానికి ఆ ఫారం విడివిడిగా కట్ట కట్టారు కాబట్టి.

లచ్చుబాబు తండ్రి నర్సింగరావు మామూలు పంది కాదు. బురద గుంటలన్నిటికీ కాంట్రాక్టరు, పైగా తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుడు. ఆయన ఊగిపోతూ వచ్చి హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డాడు. అప్పటికే కూర్మారావు గారి తల లోపలికి వెళ్ళిపోయింది. నర్సింగరావు డిప్పతోనే మాట్లాడాడు. ముంగిసల్ని బళ్ళో చేర్చుకోవడమే తప్పన్నాడు. ఆ జాతికి కరవడం తప్ప ఏం తెలుసన్నాడు. చివరికి ఒక షరతు పెట్టాడు.

"ఇంకొక్కసారి వాడి పన్ను ఎవరి మీద పడినా టీసీ ఇచ్చి పంపెయ్యాలి. రాసుకోండి."

"రాసుకున్నానండి," అంది డిప్ప.

ఆ మాట ఫైల్లోకి ఎక్కింది. ఇంకొక్క కాటు, తవిటిరాజు చదువు అయిపోయినట్టే. అడవి మొత్తానికి పిల్లలున్న బడి అదొక్కటే.

ఆ సాయంత్రం పంకజం టీచరు తవిటిరాజు పక్కన కూర్చుంది. ఆమె పుట్టి పెరిగింది ముంగిసల బొరియల పక్కనే. చిన్నప్పుడు వాటితో గెంతులేసింది, వాటి భాష ఆమెకు నోటికి వచ్చు. ఎందుకురా అలా చేస్తున్నావు అని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. అడుగుదామని నోరు తెరిచింది. కొమ్మ మీద చిలకమ్మ గొంతు సవరించింది. పంకజం నోరు మూసుకుంది. ఇంట్లో ఆమెకూ ఇద్దరు పిల్లలున్నారు, ముళ్ళకంప బడి వాగుకు రెండు రోజుల దూరం. నాకు పంకజం టీచరంటే ఇష్టమే గానీ, ఆ సాయంత్రం మాత్రం ఆమె మీద కోపమొచ్చింది. చెప్పకుండా ఉండలేను.

అడగడం కుదరలేదు కాబట్టి పై అధికారికి రాశారు. పై అధికారి నక్క జంబుకేశ్వరరావు గారు. పక్క అడవిలో పది రోజులు శిశు ప్రవర్తన మీద శిక్షణ పొంది అప్పుడే దిగాడు. శిక్షణలో ఏం నేర్పారో గానీ, తిరిగొచ్చాక నడక మారింది, కళ్ళు సగం మూసుకుని మాట్లాడటం వచ్చింది.

ఆయన తవిటిరాజును దూరం నుంచి చూశాడు. దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఫారాలు చూశాడు. చూసి కళ్ళు సగం మూసి చెప్పాడు.

"పిల్లవాడు ఎందుకు కరుస్తాడు? బాధ్యత లేక. వాణ్ణి క్లాస్ లీడర్ని చెయ్యండి."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కరిచేవాడికి పెత్తనమా అని నర్సింగరావు గొణిగాడు. కానీ అధికారి చెప్పింది కొత్త విషయం, కొత్త విషయాన్ని కాదంటే పాతబడిపోయామని అనుకుంటారు. సరేనన్నారు.

లీడరంటే మాటలు కాదు. టీచరు పక్కన ఉన్న చదును బండ మీద ఒక్కడే కూర్చోవచ్చు. మెడలో మోదుగు పూల దండ. మధ్యాహ్నం పండ్ల వరసలో మొదటి స్థానం. తవిటిరాజు బండ ఎక్కి, దండ సర్దుకుని, తోక వెనక్కి జాపుకుని హాయిగా కూర్చున్నాడు.

ఆ రోజు కరవలేదు. మర్నాడు కరవలేదు. పన్నెండు రోజులు గడిచినా కరవలేదు.

జంబుకేశ్వరరావు గారి ఆనందం ఇంతా అంతా కాదు. ముప్పై ఆకుల నివేదిక రాసి రాజుగారి కొలువుకు పంపాడు. దానికి "జంబుకేశ్వర పద్ధతి" అని పేరు కూడా తనే పెట్టుకున్నాడు. వేరే ఎవరైనా పెడతారని ఎదురుచూడటం ఆయనకు ఇష్టం లేదు. పంకజం టీచరు కూడా ఊపిరి పీల్చుకుంది. పైడమ్మ రోజూ దడి బయట నుంచి కొడుకు మెడలో దండ చూసుకుని కళ్ళు తుడుచుకునేది.

కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది. కానీ బళ్ళో పిల్లలు ఇంకా ముప్పై మంది ఉన్నారు, వాళ్ళకూ కళ్ళున్నాయి. వాళ్ళకు అర్థమైనది ఒకటే. కరిచినవాడికి బండ వచ్చింది, దండ వచ్చింది, మొదటి పండు వచ్చింది. కరవనివాళ్ళకు ఎక్కాలు వచ్చాయి.

పదమూడో రోజు కుందేలు కూతురు రత్తాలు, గడ్డిపరకను కూడా బతిమాలుకుని తినే పిల్ల, పక్కనున్న ఉడుతను పట్టుకుని కరిచింది. కరిచి, తలెత్తి, బండ వైపు చూసింది. పధ్నాలుగో రోజు ఐదుగురు కరిచారు. పదిహేనో రోజు పంకజం టీచరు దగ్గర పసరు అయిపోయింది.

పరిస్థితి ఏమిటని హెడ్మాస్టరు రాస్తే, పద్ధతికి ఆదరణ పెరుగుతోందని అధికారి జవాబిచ్చాడు. పోటీ ఆరోగ్యకరమన్నాడు. ఇకనుంచి వారం వారం ఎవరు ఎక్కువ కరిస్తే వాళ్ళే లీడరని ఉత్తర్వు వేశాడు.

ఉత్తర్వు సంగతి తెలియగానే నర్సింగరావు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఊగడం లేదు, వినయంగా ఉన్నాడు.

"మావాడు మూడుసార్లు కరిపించుకున్నాడు కదండీ, ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోరా?" అని అడిగాడు.

తీసుకోరట. తనే కరవాలట. నర్సింగరావు ఇంటికి వెళ్ళి కొడుకు నోరు తెరిపించి పళ్ళు చూసుకుని నిట్టూర్చాడు.

సరిగ్గా అప్పుడే గుట్ట కింద గుహలో దుమ్ములగొండి దండాసి కోచింగ్ సెంటరు తెరిచాడు. దండాసి ముసలివాడు, నోట్లో పన్ను ఒక్కటీ లేదు. ఎవరో ఆ మాటే అడిగితే, పన్ను పిల్లలు తెచ్చుకోవాలి, పద్ధతి తను చెబుతానన్నాడు. వేకువనే ఒక బ్యాచి, బడి వదిలాక ఒక బ్యాచి. తొందరగా కావాలనుకునే వాళ్ళకు షార్ట్ టర్మ్, నమిలి నమిలి నేర్చుకునే వాళ్ళకు లాంగ్ టర్మ్. గుహ మీద బోర్డు కూడా పెట్టాడు: "గత ఏడాది మొదటి పది ర్యాంకులూ మావే." తెరిచింది మొన్న. ఆ చిన్న విషయం ఎవరికీ పట్టలేదు.

వాగు రేవులో తల్లుల మాటలు మారిపోయాయి. మా వాడు నిన్న ఇద్దర్ని కరిచాడని ఒకావిడ చెబితే, మావాడు ముగ్గుర్ని, అందులో ఒకడు పై తరగతి అని ఇంకొకావిడ చెప్పేది. ఉడుతమ్మ చంటిదాన్ని చంకనెత్తుకుని వచ్చి, దీనికి ముందు పళ్ళు ఇంకా రాలేదు గానీ పునాది గట్టిగా పడుతుందని చేర్పించేశాం అని చెప్పుకుంది. ఎవరూ నవ్వలేదు. పైగా ఏ బ్యాచి అని అడిగారు.

ఒక్క లచ్చుబాబు మాత్రం ఎంత కోచింగ్ ఇచ్చినా పనికిరాలేదు. కరవమని ఎవరి చెయ్యైనా నోటికి అందిస్తే ముద్దు పెట్టేవాడు. దండాసి వాళ్ళ నాన్నను పక్కకు పిలిచి, పిల్లవాడిలో ఆసక్తి లేదు, ఇంట్లో వాతావరణం చూసుకోండి అని హెచ్చరించాడు.

ఇదంతా జరుగుతుంటే తవిటిరాజు సంగతేమిటి? వాడు కరవడం మానేశాడు కదా. అందువల్ల వారం తిరిగేసరికి బండ దిగాల్సి వచ్చింది. వాడి ప్రోగ్రెస్ కార్డు మీద ఇలా రాశారు: "పళ్ళు బాగున్నాయి. ప్రయత్నం చాలదు." దండ తీసి రత్తాలు మెడలో వేశారు. తవిటిరాజు మళ్ళీ రెండో వరసలోకి వచ్చి, లచ్చుబాబు ముందు కూర్చున్నాడు.

ఇక్కడో చిక్కుంది. అందరి కాట్లూ పథకం కింద వస్తాయి. తవిటిరాజు కాటు మాత్రం ఫైలు కింద వస్తుంది. ఫైల్లో "ఇంకొక్కసారి" అని రాసింది వాడి పేరు మీద, ఆ తర్వాతే ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు ఫైలును కొట్టేస్తుందా అని పంకజం టీచరు వెళ్ళి అడిగింది. రెండూ దేని దారిన అది నడుస్తాయమ్మా, అని డిప్ప లోపల నుంచి సమాధానం వచ్చింది.

పైడమ్మకు ఈ సంగతి చెప్పించారు. ఆమె రోజూ దడి దగ్గర వదిలేటప్పుడు కొడుకు రెండు చేతులూ తీసి వాడి నోటి మీద పెట్టేది.

"ఇలాగే ఉండు నాయనా. ఏటైనా సరే, సెయ్యి తియ్యకు."

వాడు అలాగే ఉండేవాడు. పాఠం జరిగినంతసేపూ రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చునేవాడు. ఎక్కం చెప్పమంటే చెయ్యి తీయకుండానే గర్జించేవాడు, మాట బయటికి వచ్చేది కాదు. మధ్యమధ్య వాడి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పంకజం టీచరు చూసేది, చిలకమ్మ వైపు చూసేది, నల్లబల్ల వైపు తిరిగిపోయేది. ఐదేళ్ళ పిల్లాడు నోరు మూసుకుని ఏడుస్తుంటే మిగతా ముప్పై మంది ఒకరినొకరు కరుచుకుంటున్నారు. బయట దడి బోర్డు మీద మాత్రం "ఆదర్శ పాఠశాల" అని కొత్తగా రాయించారు.

అలాంటి రోజుల్లో జంబుకేశ్వరరావు గారు తనిఖీకి వచ్చాడు. రాజుగారి కొలువులో ఆయన పద్ధతికి మెచ్చుకోలు దక్కబోతోంది, అంతకుముందు ఒకసారి కళ్ళారా చూసి రమ్మన్నారు. ఆయన కళ్ళు సగం మూసుకునే చూశాడు. ఇటు ఒకరు కరుస్తున్నారు, అటు ఒకరు కట్టు కట్టించుకుంటున్నారు. బాగుంది బాగుంది అంటూ వరసల మధ్య నుంచి నడిచాడు.

ఆ సమయంలో పిల్లలు మూడో ఎక్కం గర్జిస్తున్నారు. లచ్చుబాబు ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. తవిటిరాజు చేతులు నోటి మీద బిగించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒళ్ళంతా వణుకుతున్నాడు. అధికారి రెండో వరసలో ఇరుకు చేసుకుని వాడి వెనక్కి వచ్చి ఆగాడు. రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి నిలబడి, ఈ అబ్బాయి ఎవరు, చాలా క్రమశిక్షణగా ఉన్నాడే, అని అడగబోయాడు.

తవిటిరాజు చేతులు జారిపోయాయి. వాడి కోరపళ్ళు నాలుగూ అధికారి పిక్కలో దిగాయి.

జంబుకేశ్వరరావు గారు వేసిన కేకలో సింహం భాష ఏ కోశానా లేదు. అచ్చమైన నక్క భాష, అదీ వాళ్ళ అమ్మమ్మ ఊరి యాస. చిలకమ్మ అలవాటు కొద్దీ గొంతు సవరించబోయి, ఎవరన్నది చూసి ఊరుకుంది.

సంఘం తరఫున తనిఖీకి వచ్చిన నర్సింగరావు ఆ పక్కనే ఉన్నాడు. టీసీ, టీసీ అన్నాడు. కూర్మారావు గారి తల ఎప్పుడో లోపలికి పోయింది, కాళ్ళు కూడా పోయాయి. తవిటిరాజు మళ్ళీ చేతులు నోటి మీద పెట్టుకుని, ఇప్పుడు పెట్టుకుని ఏం లాభమో తెలియక, అటూ ఇటూ చూస్తున్నాడు. బడి గుమాస్తా టీసీ ఆకు తెచ్చి, పేరు కూడా రాసేశాడు.

పిక్కకు కట్టు కట్టించుకుంటూ అధికారి తన సంచిలో నుంచి వేరే ఫారం తీశాడు. గాయపడిన ఉద్యోగికి సెలవు మంజూరు చేసే ఫారం. అది పిల్లల ఫారంలా పదకొండు గడులది కాదు, ఇరవై గడులది. పంతొమ్మిది గడులు గబగబా నింపించాడు. ఇరవయ్యో గడి దగ్గర గుమాస్తా ఆగాడు.

"గాయానికి కారణం అని ఉందండి. అది నింపకపోతే సెలవు రాదండి."

"కారణం ఏముంటుంది? వాడు కరిచాడు."

"అది పదకొండో గడిలో రాశామండి. ఇక్కడ ఎందుకు కరిచాడో రాయాలటండి."

జంబుకేశ్వరరావు గారు మొదటిసారి కళ్ళు పూర్తిగా తెరిచాడు. ఎందుకు కరిచాడో ఆయనకు తెలియదు. హెడ్మాస్టరుకు తెలియదు. నర్సింగరావుకు తెలియదు. శిక్షణలో ఇచ్చిన పుస్తకాలు తిరగేశాడు, అందులోనూ లేదు.

"అడగండి వాణ్ణి," అన్నాడు విసుగ్గా.

"వాడికి సింహం భాష ఇంకా పట్టుబడలేదండి," అంది పంకజం.

"ఏ భాషలో అయితే మీకేం, ముందు అడగండి. కాలు సలుపుతోంది."

పంకజం టీచరు కొమ్మ వైపు చూడలేదు. నేల మీద మోకాళ్ళు ఆనించి, తవిటిరాజు చేతులు మెల్లగా నోటి మీద నుంచి తీసి, చిన్నప్పుడు బొరియల పక్కన నేర్చుకున్న భాషలో అడిగింది.

"ఏటైంది నాన్నా? ఎందుకు కరిసినావు?"

తవిటిరాజు ఆమె ముఖంలోకి తెల్లబోయి చూశాడు. బళ్ళో వాడికి అర్థమైన మొదటి మాట అదే. రెండు నెలలుగా ఆగిపోయినదంతా ఒక్కసారిగా వచ్చేసింది.

"లచ్చుబాబు రోజూ నా తోక తొక్కుతన్నాడు టీచరమ్మా. ఊగినప్పుడల్లా తొక్కుతన్నాడు. తియ్యరా అని సెప్పడానికి నాకు గర్జనలో రాదు. నా మాటతో సెప్తే పలక కట్టేత్తారు. బండ మీద కూకున్నప్పుడు ఎవులూ తొక్కనేదు. ఇయ్యాల ఈ బాబు కూడా తొక్కినాడు, రెండు కాళ్ళతో."

పంకజం అందరికీ అర్థమయ్యేలా మళ్ళీ చెప్పింది. అందరూ వంగి చూశారు. తవిటిరాజు తోక మధ్యలో బొచ్చంతా ఊడిపోయి, డెక్క అచ్చు ఎర్రగా కనబడుతోంది. దాని పక్కనే, కొత్తగా, నక్క పాదాల అచ్చులు రెండు.

లచ్చుబాబు ముఖం మాడిపోయింది. వాడు ముందు తన కాలు చూసుకున్నాడు, ఆ తర్వాత తోక చూశాడు.

"తోకా అది?" అన్నాడు ఏడుపు గొంతుతో, తన భాషలోనే. "మెత్తగా ఉంటే చాప అనుకున్నాను."

వాడు కాలు తీసి ఒళ్ళోకి లాక్కున్నాడు. తోక మీద ఊదాడు కూడా. తవిటిరాజు కాసేపు ఆలోచించి, లచ్చుబాబు కాలి మీద పాత కాట్ల మచ్చలు చూసి, తనూ ఊదాడు. ఇద్దరూ అలా ఒకరికొకరు ఊదుకుంటుంటే పంకజం టీచరు లేచి వెళ్ళి నల్లబల్ల వెనక నిలబడి ఏడ్చింది. రెండు నెలల కింద ఒక్క ముక్క అడిగి ఉంటే అనుకుంది. నేనూ అదే అన్నాను, కొంచెం ముందుగా.

ఆ తర్వాత ఏ పిల్లా ఆగలేదు. తన గర్జన ఎవరికీ వినబడటం లేదని, అందుకే రోజూ గైర్హాజరు పడుతోందని ఉడుత కిచకిచమని మొత్తుకుంది. బండ ఎండకు కాలిపోతోందని, దండలో చీమలున్నాయని, తనకు లీడరు గిరీ అక్కర్లేదని రత్తాలు చెప్పింది. బడంతా సంతలా అయిపోయింది. చిలకమ్మ ఎంతని గొంతు సవరిస్తుంది, చివరికి దగ్గు పట్టుకుని ఎగిరిపోయింది.

ఇంత జరిగినా ఇరవయ్యో గడి ఖాళీగానే ఉంది. గుమాస్తా పుల్ల పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"రాయమంటారా అండి? అధికారి గారు రెండు కాళ్ళతో తోక తొక్కడం వల్ల..."

"ఆగు," అన్నాడు జంబుకేశ్వరరావు గారు.

ఆయన ఆలోచించాడు. ఆ కారణం రాస్తే సెలవు రాదు, మెమో వస్తుంది. టీసీ ఇస్తే టీసీ మీదా కారణం రాయాలి, అప్పుడూ అదే తోక, అవే కాళ్ళు. నర్సింగరావు మాత్రం ఇంకా టీసీ అంటూనే ఉన్నాడు. అధికారి ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి, మొదట తొక్కినవాడి తండ్రి పేరు కూడా ఫైల్లో రాయాల్సి వస్తుందని చెవిలో చెప్పాడు. నర్సింగరావు ఉన్నట్టుండి పసిపిల్లలన్నాక పొరపాట్లు మామూలేనని, ఆ ముంగిస కుర్రాడిలో తనకు మొదటి నుంచీ ఏదో మంచితనం కనబడుతోందని అన్నాడు.

టీసీ ఆకును అక్కడే ఉన్న మేక పిల్లకు తినిపించారు. ఇరవయ్యో గడిలో జంబుకేశ్వరరావు గారు స్వహస్తంతో ఇలా రాశాడు: "ఒకటో తరగతి వాచకంలో తోక అను పాఠము లేకపోవుట." తోక పాఠం మూడో తరగతిలో ఉంది. కాబట్టి తప్పు ఎవరిదీ కాదు. సెలవు మంజూరైంది.

సెలవు నుంచి తిరిగొచ్చాక ఆయన "జంబుకేశ్వర రెండో పద్ధతి" ప్రకటించాడు. దాని ప్రకారం టీచర్లు రోజూ పిల్లల్ని వాళ్ళ భాషలోనే ఏం కష్టం వచ్చిందని అడగాలి. ఎలా అడగాలో నేర్పడానికి టీచర్లందరికీ పది రోజుల శిక్షణ పెట్టారు. శిక్షణంతా సింహం భాషలో జరిగింది. పంకజం టీచరు కూడా వెళ్ళింది. వెనక వరసలో కూర్చుని రెండు కునుకులు తీసి, ధ్రువపత్రం పుచ్చుకుని వచ్చింది.

దండాసి ఏమీ నష్టపోలేదు. గుహ అదే, బోర్డు అదే, దాని మీద "కరవకుండుట" అని చేర్చాడు. గత ఏడాది మొదటి పది ర్యాంకులూ వాళ్ళవేనట.

తవిటిరాజు బళ్ళోనే ఉన్నాడు. ఇప్పుడు లచ్చుబాబు వాడి వెనక కూర్చోడు, పక్కన కూర్చుంటాడు, ఇద్దరూ కలిసే ఊగుతారు. బడి వదిలేవేళకు పైడమ్మ దడి దగ్గరికి వస్తే పంకజం టీచరు ఎదురెళ్ళి, పిల్లాడు ఇవాళ ఏం నేర్చుకున్నాడో ఆమె భాషలోనే చెబుతుంది. తాబేలు కూర్మారావు గారు గుమ్మంలో నిలబడి ఆ మాటలు వింటుంటాడు, తల బయటే ఉంటుంది. గొడవ ఏదీ లేదు కదా మరి.

ఇంత కథ విన్నాక నీతి ఏదని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: పిల్లాడి గోడు పెద్దల చెవికి చేరాలంటే, వాడి పన్ను సరైన పిక్కలో దిగాలి.